బొబ్బిలి గెలిచి ఉంటే, పరాగ్వే గెలిచి ఉంటే: కథకి ఏది మేలు?

మా బావది బొబ్బిలి, మాది విజయనగరం. పండక్కి కలిస్తే చాలు, విజయనగరం వాళ్లు ఫ్రెంచివాళ్లతో కలిసి బొబ్బిలి కోట మీద పడ్డ 1757 జనవరి 24 మళ్లీ మొదలవుతుంది మా ఇంట్లో. "ఫ్రెంచోడి ఫిరంగులు లేకపోతే మీవోలు మా గోడ ముట్టుకునీవోరా?" అంటాడు, అరిసె విరుస్తూ. ఈ సంక్రాంతికి మాత్రం గొడవ కొత్త దారి పట్టింది. సముద్రం లేని ఒక చిన్న రాజ్యం చుట్టుపక్కల వాళ్ల మీద యుద్ధం గెలిచినట్టు కథ అల్లాలంటే దేన్ని పట్టుకోవాలి, దక్షిణ అమెరికాలోని పరాగ్వేనా, మన బొబ్బిలినా?

నేను ముందు పరాగ్వే అన్నాను. 1864 నుంచి 1870 దాకా బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే మూడింటితోనూ ఒంటరిగా తలపడ్డ దేశం. తీరం లేకపోయినా రైలు వేసుకుంది, ఇనుము కరిగించే కార్ఖానా పెట్టుకుంది. 1866 సెప్టెంబరులో కురుపైతి దగ్గర కందకాల మీదికి బురదలో పరుగెత్తి వచ్చిన శత్రువుల్లో దాదాపు నాలుగు వేలమంది పడిపోతే, పరాగ్వే వైపు పోయింది వంద లోపే. ఇది చదివితే ఎవడికైనా అనిపిస్తుంది, యుద్ధం ఇక్కడ ఆపేసి సంధి రాయించేద్దాం అని.

కానీ ఆపలేం. ఆ ముగ్గురూ 1865 మేలోనే ఒప్పందం రాసుకున్నారు, పరాగ్వే అధ్యక్షుడు సోలానో లోపెస్ దిగేదాకా యుద్ధం ఆపేది లేదని. కురుపైతికి పది రోజుల ముందు లోపెస్ స్వయంగా వెళ్లి అర్జెంటీనా అధ్యక్షుడు మిత్రేతో మాట్లాడినా పని జరగలేదు. అంతకుముందే, 1865 జూన్‌లో, రియాచుయెలో దగ్గర నది మీద జరిగిన యుద్ధంలో పరాగ్వే పడవల దండు చాలావరకు పోయింది. సముద్రం లేని దేశానికి నదే గుమ్మం, ఆ గుమ్మానికి అవతలివాడు గడియ పెట్టేశాడు. ఇప్పుడు పరాగ్వేని గెలిపించాలంటే నది మీద యుద్ధం మార్చాలి, ఒప్పందం మార్చాలి, అన్నిటికంటే కష్టం, లోపెస్ బుర్ర మార్చాలి. ఇన్ని మార్చాక అది చరిత్ర ఎందుకవుతుంది, చందమామ కథ అవుతుంది.

"అదే పరాగ్వే తర్వాత నిజంగానే గెలిచింది కదేటి," అన్నాడు బావ, ఫోన్ చూస్తూ. నిజమే. 1932-35 చాకో యుద్ధం. ఎదురుగా తనకంటే చాలా ఎక్కువ జనం ఉన్న బొలీవియా, దాని సేనలకి కుంట్ అనే జర్మన్ జనరల్. పైగా బొలీవియా కూడా అప్పటికి సముద్రం లేనిదే, 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో తీరం పోగొట్టుకుంది. బొలీవియా సైనికులు చలికొండల మీంచి ఎక్కడో వేడి ముళ్లడవిలోకి దిగాలి. పరాగ్వేవాళ్లకి నది ఉంది, నది నుంచి అడవిలోకి కొంతదూరం రైలు కూడా ఉంది. బావి ఎవరి చేతిలో ఉంటే ఆ పూట వాళ్లది, దాహంతో పోయినవాళ్లకి లెక్కలేదు. అయితే నిజంగా జరిగినదానికి మళ్లీ ఊహ ఎందుకు? కొలబద్దగా మాత్రం పనికొస్తుంది: దారి దగ్గర, నీళ్లు చేతిలో, తెలిసిన అడవి.

ఆ కొలబద్ద బొబ్బిలికి పెట్టి చూడండి. చుట్టూ అడవి, మట్టి కోట, పుట్టి పెరిగిన నేల, రాజు రంగారావు వెనక ప్రాణమిచ్చే మనుషులు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా తాండ్ర పాపారాయుడు. ఆయన రాజాంలో ఉన్నాడు, ఇప్పుడు బస్సెక్కితే గంట దూరం. మా వైపు చెప్పుకునే కథ ప్రకారం వార్త వేళకి అందలేదు, అంతే. కోటలో ఆడవాళ్లూ పిల్లలూ ఏమయ్యారో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, 1891లో కట్టించిన ఆ యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబడితే మా బావ కూడా జోకులు మానేస్తాడు. కథకి కావలసింది ఒక్క మార్పే, రాజాంకి ఒక మనిషి రాత్రికి రాత్రి చేరాలి.

నా ఓటు అందుకే బొబ్బిలికి. అసలు మజా మాత్రం ఆ తర్వాతే ఉంది, బావకి అదే మింగుడు పడలేదు. నిజంగా జరిగింది ఏంటి? కోట పడింది, పాపారాయుడు గుడారంలోకి దూరి విజయనగరం రాజు పెద విజయరామరాజుని చంపాడు, తర్వాత వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లతో చెడి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, వాళ్ల సేనాని ఫోర్డ్ దండుతో వచ్చి 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లని కొట్టాడు, మరుసటేడు మచిలీపట్నం కూడా పోయింది. ఇప్పుడు బొబ్బిలి గెలిచిందనుకోండి. పగ లేదు, గుడారంలో కత్తి లేదు, విజయరామరాజు బతికే ఉంటాడు, ఓడిపోయి అవమానంతో ఫ్రెంచి సేనాని బుస్సీ పంచనే ఇంకా గట్టిగా పడి ఉంటాడు. మరి ఇంగ్లీషువాణ్ణి పిలిచేది ఎవరు?

"అంటే మేం గెలిస్తే ఫ్రెంచోలు ఉండిపోతారేటి?"

కొన్నేళ్లయినా ఉంటారు. శ్రీకాకుళం దాకా యానాంలా ఉండేదేమో. బుస్సీ పెద్ద ఫిరంగులతో మళ్లీ వస్తాడన్నది వేరే ఇబ్బంది, అది రెండో భాగంలో చూసుకోవాలి.

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అరిసె పక్కన పెట్టి అడిగాడు, "రాజాంకి కబురు మోసే మనిషి ఎవరు మరి?" ఇంకా అనుకోలేదన్నాను. "మీ విజయనగరం వోడినే పెట్టు," అన్నాడు.

పెట్టేశాను.