1957 ప్లిమత్ బెల్వెడీర్: పదేళ్లు దాటాక చెబుతున్న మాట

వెనక రెక్కలున్న పాత అమెరికన్ కారు కొందామనుకునేవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నాను. నా దగ్గరున్నది 1957 ప్లిమత్ బెల్వెడీర్. నాలుగు తలుపుల సెడాన్, 301 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిన్, పుష్‌బటన్ గేర్లు. మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో మా గరాజ్‌లో సగం దీనిదే. కొని పదేళ్లు దాటింది. నడపడానికి నేను ఊహించినదానికంటే చాలా మంచి కారు, కాపాడుకోవడానికి ఊహించినదానికంటే చాలా మొండి కారు. ఈ రెండింటికీ కారణం ఒకటే: తొందర.

కార్లకు రెక్కలు రావడం క్యాడిలాక్‌తో మొదలైంది. జనరల్ మోటార్స్ డిజైన్ విభాగాన్ని ఏలిన హార్లీ ఎర్ల్ ఇక్కడే సెల్ఫ్‌రిడ్జ్ వైమానిక స్థావరంలో పి-38 యుద్ధవిమానాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఆ విమానం జంట తోకలు 1948 క్యాడిలాక్ వెనక చిన్న బొడిపెల్లా తేలాయి. ప్లిమత్‌లు తయారుచేసిన క్రైస్లర్ కంపెనీలో డిజైన్ చూసిన వర్జిల్ ఎక్స్‌నర్ (ఈయన పుట్టింది మాకు దగ్గర్లోని ఆన్ ఆర్బర్‌లోనే) వాటిని బొడిపెలుగా వదల్లేదు. 1957 మోడళ్లలో ముందు దీపం దగ్గర మొదలైన గీత వెనక రెక్క కొసదాకా పోతుంది. పైకప్పు కిందికి దిగింది, అద్దాలు పెరిగాయి, పైకప్పును మోసే స్తంభాలు సన్నబడ్డాయి. ప్లిమత్ ప్రకటనల్లో 'సడెన్లీ, ఇట్స్ 1960!' అని రాసుకున్నారు. గొప్పలకు పోయారని అనలేం. జనరల్ మోటార్స్ డిజైనర్ చక్ జోర్డన్ 1956లో మౌండ్ రోడ్డు మీద కారులో పోతూ, కంచె వెనక నిలబెట్టిన ఈ కొత్త ప్లిమత్‌లను చూసి, ఆఫీసుకు పరుగెత్తి మిగతావాళ్లను వెంటబెట్టుకొచ్చి చూపించాడు. ఆ దెబ్బకు వాళ్లు 1959 మోడళ్ల కోసం గీసినవన్నీ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టారు. అందరూ ఫొటోల్లో చూసే 1959 క్యాడిలాక్ ఆకాశాన్నంటే రెక్కలు ఆ కంగారులోంచి పుట్టినవే. మౌండ్ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా ఆ కంచె ఎక్కడుండేదో అని చూస్తుంటాను.

అయితే ఈ డిజైన్‌ను ముందు 1958కి అనుకున్నారు. ఏడాది ముందుకు లాగారు. గీసినవాళ్లకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రేకులు కోసి అతికినవాళ్లకు, ఇన్నేళ్ల తర్వాత వాటిని మళ్లీ అతికే నాలాంటివాళ్లకు.

ముందు మంచి చెబుతాను. ఈ కారులో ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు ఉండవు. ఫ్లోర్ కింద రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు ముందు నుంచి వెనక్కి పడుకుని ఉంటాయి. చక్రం గుంటలో పడితే కడ్డీ మెలి తిరిగి, మళ్లీ తన స్థితికి వస్తుంది. దీన్నే టార్షన్ బార్ అంటారు. వెనక మామూలు కమాను కట్టలే. ఆ రోజుల అమెరికన్ కార్లు మలుపులో పక్కకు ఒరిగిపోతాయని, బ్రేకు వేస్తే ముక్కు నేలకు గుద్దుకుంటుందని మీరు వినే ఉంటారు. ఇది అలా చేయదు. మా పక్కవీధి మిత్రుడి 1957 షెవర్లే నడిపి వెంటనే దీంట్లో కూర్చుంటే తేడా మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. షెవర్లే అందం వేరు, అందులో వాదన లేదు. నడక మాత్రం మాదే.

గేర్లు ఇంకా ముద్దొస్తాయి. స్టీరింగ్‌కు ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద ఐదు మీటలు: రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, రెండు, ఒకటి. మీట నొక్కితే 'టక్' మని గట్టిగా దిగుతుంది, అంతకుముందు నొక్కింది బయటికొస్తుంది. మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ ఇది. ఇన్నేళ్లలో నేను ఆయిలు, సీళ్లు మార్చానే తప్ప లోపల చెయ్యి పెట్టలేదు. మా నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చుని, కింద, పైన, స్టీరింగ్ వెనక అంతా వెతికి, "ఏరా, ఇంత బండికి గేరు రాడ్ ఏదిరా?" అన్నారు. చూపించాక, "టీవీ ఛానల్ మార్చినట్టుందే" అని పది నిమిషాలు నవ్వారు. ఆయనకు ప్లిమత్ పేరు కొత్త కాదు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, డిసోటో, ప్లిమత్ బండ్లు బిగించి అమ్మిన కాలం మనిషి.

పార్క్ మీట మాత్రం లేదు. అంటే వాలులో నిలిపితే హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఆ హ్యాండ్‌బ్రేకు కూడా చక్రాలకు కాదు, గేర్‌బాక్స్ వెనకనున్న డ్రమ్ముకు పడుతుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపారంటే డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండూ వేర్వేరుగా తిరగడానికి వీలిచ్చే గేర్లు) వల్ల ఆ బ్రేకు ఉన్నా లేనట్టే, బండి కదిలిపోతుంది. చక్రాలకు అడ్డు పెట్టకుండా జాకీ ముట్టుకోకండి. ఎడమవైపు చక్రాలకు మర తిరగేసి ఉంటుంది. టైర్ల షాపు కుర్రాడికి ముందే చెప్పకపోతే గాలి గన్నుతో బిగిస్తూనే పోయి విరగ్గొడతాడు.

రెక్కల వల్ల ఉపయోగం ఏమైనా ఉందా అని అందరూ అడుగుతారు. పక్కగాలికి కారు తూలకుండా నిలబెడతాయని క్రైస్లర్ అప్పట్లో చెప్పుకుంది. ఈ కారు వచ్చిన ఏడాదే, 1957 నవంబరులో, మా రాష్ట్రంలో మాకినా వంతెన తెరిచారు. దాదాపు ఐదు మైళ్లు, కింద సరస్సు, ఎప్పుడూ గాలే. అక్కడ పరీక్షిద్దామని తీసుకెళ్లాను. గంటకు 45 మైళ్లు దాటనివ్వరు కాబట్టి రెక్కలు పనిచేశాయో లేదో నాకైతే తెలియలేదు. తెలిసింది మాత్రం పవర్ స్టీరింగ్ ఎంత తేలికో. ఒక్క వేలుతో తిరుగుతుంది, కింద చక్రం ఏం చేస్తోందో చేతికి అసలు తెలియదు. గాలిలో అది కాస్త టెన్షనే.

ఇక తుప్పు. ఈ కారు గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

1957 క్రైస్లర్ బండ్లు కొత్తలోనే లోపలికి నీళ్లు కారేవి, కొన్నేళ్లకే తుప్పు పట్టేవి. మిషిగన్ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి తోడు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ కారు కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అమ్మేవాడు కొత్త రంగు, తళతళలాడే క్రోమ్ చూపిస్తాడు. మీరు హెడ్‌లైట్ దగ్గరికి వెళ్లండి. దాని చుట్టూ ఉన్న రింగు విప్పించి, లైటు గిన్నె బయటికి తీసి, వేలు లోపలికి పెట్టి పైకి తడమండి. దీపం మీద కనుబొమలా ముందుకొచ్చిన ఆ రేకు లోపలంతా ఖాళీ. చక్రం విసిరిన బురద వెళ్లి అక్కడ కూర్చుంటుంది, బయటికొచ్చే దారి లేదు. తడి మట్టి అక్కడే ఉండి లోపలి నుంచి తింటుంది. నా కారుకు స్క్రూడ్రైవర్‌తో గీకితే ముందు గట్టి మట్టి పెళ్లలు రాలాయి, తర్వాత గోధుమరంగు పొడి, తర్వాత వెలుతురు కనిపించింది. పైన మాత్రం నున్నగా మెరుస్తోంది. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ మీద రంగు ఉందన్నమాట. అమ్మినాయన 'మొత్తం రీస్టోర్ చేసిన బండి' అనే చెప్పాడు.

తర్వాత కింద పడుకుని టార్షన్ బార్ల వెనక కొసలు చూడండి. అవి బిగిసి ఉండే అడ్డుదూలం తుప్పు పట్టిందంటే ఆ బేరం వదిలేయండి, ఎంత చవకైనా సరే. కారు బరువు మోసే కడ్డీలు నిలబడేది దాని మీదే. కారు ఒకవైపు వంగి నిలబడితే, 'బోల్టు తిప్పితే సరిపోతుంది' అని చెబుతారు. ఎత్తు సరిచేసే బోల్టు ఉన్న మాట నిజమే. కానీ అది తిప్పితే సరిపోయేదైతే ఆ అమ్మేవాడే తిప్పి ఉండేవాడు కదా. ఫ్లోరు, తలుపుల కింద పెట్టెల్లాంటి రాకర్లు, డిక్కీ అడుగు, ఇవన్నీ అయస్కాంతంతో తడమండి. పుట్టీ ఉన్నచోట అతుక్కోదు.

తుప్పు ఎంత దూరం పోగలదో చూడాలంటే టల్సా కారు కథ ఉంది. ఓక్లహోమా రాష్ట్రానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1957 జూన్ 15న టల్సా కోర్టు భవనం ముందు కాంక్రీట్ గుంతలో సరికొత్త బెల్వెడీర్‌ను పాతిపెట్టారు. 2007లో ఊరి జనాభా ఎంత ఉంటుందో అందరికంటే దగ్గరగా ఊహించినవాళ్లకు కారు బహుమతి. యాభై ఏళ్ల తర్వాత తవ్వితే గుంత నిండా నీళ్లు, అందులో తుప్పు ముద్ద. ఇప్పుడది ఇల్లినాయిలో రాస్కో అనే ఊళ్లో మ్యూజియంలో ఉంది. ఒకసారి చూసి రండి, బేరమాడే ధైర్యం వస్తుంది.

నేను ఫ్లోరు మొత్తం కోయించి కొత్త రేకు వేయించాను. రాకర్లు, కనుబొమలు కూడా. టింకరింగ్ పనే రెండు చలికాలాలు తిన్నది. కొత్త రేకు లోపలివైపు మైనపు పూత కొట్టించాను, నీళ్లు దిగే రంధ్రాలు మూసుకుపోకుండా ఏడాదికోసారి తీగతో పొడుస్తాను. క్రోమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు: బంపర్లకు, గ్రిల్లుకు మళ్లీ పూత వేయించడానికి ఇంజిన్ విప్పి కట్టించినదానికంటే ఎక్కువైంది. రంగు, సీట్లు ఆఖరున చేయించండి.

బ్రేకులకు నాలుగూ డ్రమ్ములే, ఆయిలు దారి ఒక్కటే. ఎక్కడ కారినా పెడల్ నేలకు పోతుంది. నేను రెండు దారుల మాస్టర్ సిలిండర్ వేయించాను. అసలైన భాగాలే ఉండాలనే పెద్దలు కొందరు మొహం చిట్లించారు. వాళ్లు కారును ట్రైలర్ మీద తెస్తారు, నేను రోడ్డు మీద నడిపి తెస్తాను. వెనక డ్రమ్ము ఊడదీయడానికి గట్టి పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టే మెకానిక్ దగ్గరికి పోవద్దు. సీటు బెల్టులు కూడా మనమే వేయించుకోవాలి. చిన్నపిల్లల్ని నేను ఎక్కించుకోను, ఎవరేమనుకున్నా సరే. రియర్‌వ్యూ అద్దం డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చుంటే అందులో మనుషులే తప్ప రోడ్డు కనపడదు.

ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, అవన్నీ మార్చాల్సిందే. పైగా అది తొందరగా ఆవిరవుతుంది. ఇక్కడ మన తెలుగు పెళ్లిళ్లలో పెళ్లికొడుకు ఊరేగింపుకు ఈ కారు అడగడం మామూలైపోయింది. జూన్ ఎండలో, డోలు వెనక, మనిషి నడక కంటే నెమ్మదిగా పోవాలంటే దీనికి ప్రాణసంకటం. ఒక పెళ్లిలో హాలు గుమ్మం దాకా వచ్చి, గొట్టంలో పెట్రోల్ ఆవిరై, ఆగిపోయింది. పెళ్లికొడుకు తరపు బావగారు, "మీ బండికి కట్నం తక్కువైందాండీ?" అన్నారు. గొట్టం మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగితే మళ్లీ కదిలింది. తర్వాత గొట్టాన్ని ఇంజిన్‌కు దూరంగా జరిపించి, విద్యుత్ పంపు కూడా పెట్టించాను. ఇప్పుడు ఊరేగింపులకు ఒప్పుకుంటున్నాను, మేలో మాత్రమే. మైలేజీ గ్యాలన్‌కు 12 నుంచి 14 మైళ్లు, అంటే లీటరుకు ఐదారు కిలోమీటర్లు. ఇంజిన్ ఆయిలు జింకు ఎక్కువున్నదే పోయండి, లేకపోతే వాల్వులను తెరిచే క్యామ్ అరిగిపోతుంది.

విడిభాగాల విషయంలో షెవర్లే వాళ్లు అదృష్టవంతులు, క్యాటలాగ్ తిరగేస్తే కారు మొత్తం దొరుకుతుంది. మనం వెతుక్కోవాలి. పెన్సిల్వేనియాలో జులైలో కార్లైల్‌లో జరిగే క్రైస్లర్ మేళా, అక్టోబరులో హెర్షీలో జరిగే పాత కార్ల సంత, ఈ రెండూ చాలా పనికొస్తాయి. నా వెనక దీపాల గాజులు హెర్షీ బురదలోనే, ఒక ముసలాయన పళ్ల బుట్టలో దొరికాయి.

మిషిగన్‌లో పాత బండ్ల నంబర్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకు, క్లబ్బు పనులకే తిప్పాలి, ఒక్క ఆగస్టులో తప్ప. ఆగస్టులో పాలకు, కూరగాయలకు కూడా దీంట్లోనే వెళ్తాను. వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల ఊరేగింపు కూడా ఆ నెలలోనే.

కొనమంటానా? వెల్డింగ్ మీకే వచ్చినా, లేదా ఫ్లోరు పని అయిపోయి, దశలవారీ ఫొటోలతో సహా చూపించే బండి దొరికినా కొనండి. రెండు తలుపుల హార్డ్‌టాప్ (కిటికీల మధ్య స్తంభం లేని మోడల్) కోసం ధర పెంచుకోకండి, సెడాన్‌కూ అవే రెక్కలు, అదే నడక, చాలా తక్కువ డబ్బు. నాది అమ్ముతారా అని అడిగేవాళ్లకు: కుడివైపు వెనక తలుపు కింద మొన్న మళ్లీ రంగు బుడగలెత్తింది. అది కోసి చూసేదాకా అమ్మకం మాట లేదు.