కెమెరా రిపేర్‌కి ఇచ్చే ముందు లెన్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి

ఇప్పుడే ఇంటికి వచ్చాను. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. డాబాగార్డెన్స్ వైపు ఒక రిపేర్ షాపులో జరిగింది చెప్తున్నాను. వైజాగ్‌లో కెమెరా బాగుచేయించుకోవాలనుకునేవాళ్లు చదవండి.

కెమెరా కెనాన్ 700డీ. 2014లో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనప్పుడు నాన్న ఇష్టంగా కొనుక్కున్నది. పోయిన ఆదివారం యారాడ బీచ్‌లో నేను ఫోటో తీస్తుంటే పెద్ద అల వచ్చి కొట్టింది. బ్యాటరీ వైపు నుంచి నీళ్లు లోపలికి పోయాయి. పనిచేస్తుందో లేదోనని వెంటనే ఆన్ చేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఆన్ అయింది, హమ్మయ్య అనుకున్నాను. మర్నాటికి ఉలుకూ పలుకూ లేదు. సముద్రపు నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉండిపోతుంది. మన ఊరి గాలిలో తేమకి మళ్లీ చెమ్మగిల్లి లోపలి సర్క్యూట్ బోర్డు మీద రాగి గీతల్ని తినేస్తుంది. తడి మీద కరెంటు పారితే ఇంకా తొందరగా పాడవుతుంది. ఆ క్షణమే బ్యాటరీ తీసేయాల్సింది. బియ్యం డబ్బాలో పెట్టినా ఉప్పు పోదు.

లెన్స్‌కి మాత్రం ఏమీ కాలేదు. స్నేహితురాలి కెమెరాకి తగిలించి చూశాను, బాగా పనిచేసింది.

షాపులో 4,500 అవుతుందన్నారు. వెయ్యి అడ్వాన్స్ తీసుకున్నారు. "టెస్టింగ్‌కి కావాలి, లెన్స్ కూడా ఉంచండి" అన్నారు. ఉంచాను. ఈరోజు వెళ్తే బోర్డు పోయింది, 11,000 అవుతుందన్నారు. ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో ఇదే బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, వెతుక్కోవచ్చు. పైగా ఉప్పునీళ్లు తాగిన కెమెరా, ఒక బోర్డు మార్చినా రేపు ఇంకోటి పోదని నమ్మకం లేదు. వద్దండీ, ఇచ్చేయండి అన్నాను.

కెమెరా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నాన్న చేతిలోకి తీసుకున్నారు. అలవాటుగా బొటనవేలు లెన్స్ పక్కకి వెళ్లింది. రెండుసార్లు తడిమి చూసి, "ఇక్కడ ఇంకో బటన్ ఉండాలి కదమ్మా" అన్నారు మెల్లగా. నేను చూశాను. మా లెన్స్‌కి రెండు స్విచ్‌లు ఉండేవి, ఒకటి ఫోకస్‌ది, ఇంకోటి చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చూసే స్టెబిలైజర్‌ది. దీనికి ఒక్కటే ఉంది. మా లెన్స్ రింగు మీద దాని రకం పేరు ఐఎస్ ఎస్‌టీఎం అని ఉండేది, దీని మీద ఆ అక్షరాలూ లేవు. అదే 18-55 జూమ్‌లో పాత రకం లెన్స్ తగిలించి ఇచ్చారు.

అడిగితే షాపాయన నవ్వాడు. "ఏటమ్మా, పదేళ్ల కెమెరాకి ఇంత గొడవేటి? మీరిచ్చింది ఇదే. వేరేదని రుజువేటి?" అన్నాడు. స్లిప్పు తీసి చూపించాను. అందులో "కెమెరా 1" అని తప్ప ఏమీ లేదు. నాన్న వైపు తిరిగి, "పెద్దాయనకి గుర్తుండదు లెండి" అన్నాడు. ముప్పై ఏళ్లు ప్లాంట్‌లో మెషీన్లతో పనిచేసిన మనిషిని పట్టుకుని, ఆయన ముందే! నాన్న ఏమీ అనలేదు. "పోదాం పదమ్మా" అన్నారంతే. గాజువాక వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. లెన్స్ పోయినదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. అక్కడే గట్టిగా నిలబడనందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

ఇంటికొచ్చి మెమరీ కార్డు లాప్‌టాప్‌లో పెట్టాను. అది ముందే తీసి ఉంచుకోవడం మంచిదైంది. ఫోటో వివరాల్లో ఏ లెన్స్‌తో తీశామో కూడా ఉంటుంది. యారాడలో తీసిన చివరి ఫోటో తెరిస్తే ఐఎస్ ఎస్‌టీఎం అని స్పష్టంగా ఉంది. ఆయన అడిగిన రుజువు ఇదే. రేపు 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను. షాపాయన లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది.

మీరు రిపేర్‌కి ఇస్తే బాడీ ఒక్కటే ఇవ్వండి. లెన్స్ కావాలని పట్టుబడితే దాని మీద నంబరు ఫోటో తీసుకోండి, స్లిప్పు మీద కూడా రాయించుకోండి. ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వకపోతే అసలు ఇవ్వకండి.