పాత బుల్లెట్ క్లచ్, గేర్లు: ఏళ్ల తరబడి ఇంటి దగ్గరే విప్పి బిగించుకున్న అనుభవం

పాత బుల్లెట్ అనగానే చాలామంది నోట వచ్చే మాటలు రెండే: గేర్లు పడవు, క్లచ్ జారుతుంది. నా దగ్గరున్నది 1996 నాటి స్టాండర్డ్ 350. పోత ఇనుము ఇంజను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఇన్నేళ్లుగా దీని క్లచ్ పనీ, గేరు సర్దుబాటూ ఇంటి ఆవరణలోనే చేసుకుంటున్నాను. ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: గేరుబాక్సు మీద వేసే నిందల్లో ఎక్కువ భాగం నిజానికి క్లచ్‌వి. క్లచ్ పూర్తిగా విడవని బండిలో ఏ గేరూ మెత్తగా పడదు.

ఈ నాలుగు గేర్ల పెట్టె ఇంగ్లండులోని ఆల్బియన్ కంపెనీ రూపకల్పన. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బుల్లెట్లలో దశాబ్దాల పాటు దాదాపు ఇదే కొనసాగింది. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు; రెండింటినీ ఎడమవైపు ప్రైమరీ చైను కలుపుతుంది. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన అమరిక మరొకటి లేదు. క్లచ్ చూడాలంటే ఎడమ పక్క, గేరు మార్చే భాగాలు చూడాలంటే కుడి పక్క. ఇంజను దించే పనే లేదు.

ముందు క్లచ్ సంగతి. ఇందులో కిక్కు బలం గేరుబాక్సు గుండా, క్లచ్ గుండా ఇంజనుకు చేరుతుంది. రోగం కనిపెట్టడానికి ఈ ఒక్క విషయం చాలు. కిక్కు రాడ్డు కిందికి దిగుతున్నా ఇంజను తిరగడం లేదంటే క్లచ్ జారుతోందని అర్థం. రాత్రంతా నిలిపిన బండిలో, క్లచ్‌లో ఒకదానికొకటి ఆని బలాన్ని అందించే ప్లేట్లు నూనెకు అతుక్కుంటాయి కాబట్టి, పొద్దున స్టార్టు చేసే ముందు క్లచ్ పట్టుకుని రెండు మూడు కిక్కులు కొడితే విడిపోతాయి. ఈ అలవాటు లేనివాళ్లే మొదటి గేరు వేయగానే 'ఠాప్' మని బండి ముందుకు దూకిందని గేరుబాక్సును తిడతారు.

క్లచ్ సరిచేయడంలో వరుస ముఖ్యం. చాలామంది హ్యాండిల్ దగ్గరి అడ్జస్టరు తిప్పేసి ఊరుకుంటారు. అలా చేస్తే వైరు బిగుసుకుంటుందే కానీ లోపలి తేడా అలాగే ఉండిపోతుంది. నేను ముందు ఆ అడ్జస్టరును పూర్తిగా వదులు చేస్తాను. తర్వాత గేరుబాక్సు కుడి మూత మీదున్న చిన్న మూత తీస్తాను. క్లచ్‌ను నెట్టే రాడ్డుకు సంబంధించిన స్క్రూ, దాని లాక్‌నట్టు అక్కడే ఉంటాయి. ఆ రాడ్డుకు వేలితో కదిపితే తెలిసేంత సందు మిగల్చాలి. సందు లేకుండా బిగిస్తే ప్రెజర్ ప్లేటు, అంటే మిగతా ప్లేట్లను నొక్కి ఉంచే పై ప్లేటు, ఎన్నడూ పూర్తిగా ఆనదు. ప్లేట్లు జారుతూ, కాలుతూ అరిగిపోతాయి. ఈ పని అయ్యాకే వైరు వంతు. లివరు దగ్గర రెండు మిల్లీమీటర్ల వదులు ఉంటే సరిపోతుంది.

వైరును తక్కువగా అంచనా వేయవద్దు. లివరులో కూర్చునే గుండు పక్కనే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు, క్లచ్ మాత్రం రోజురోజుకూ గట్టిపడుతున్నట్టు అనిపిస్తుంది. రబ్బరు తొడుగు వెనక్కి జరిపి టార్చి వేసి చూస్తే, తెగిన పోగులు ముళ్లలా లేచి ఉంటాయి. అది కనిపించిన రోజే వైరు మార్చేయాలి. మారేడుమిల్లి ఘాటులో తెగితే తోసుకుంటూ రావడం ఎవరి తరమూ కాదు.

ప్లేట్ల దాకా వెళ్లాలంటే ఎడమవైపు పెద్ద మూత తీయాలి. ఈ బండి రూపకల్పనలో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే: అంత పెద్ద మూతనూ మధ్యలో ఒకే ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు పక్కకు తప్పించి, కింద పళ్లెం పెట్టి, ఆ నట్టు విప్పితే చాలు. సుమారు 420 మిల్లీలీటర్ల నూనె కారిపోతుంది. పారబోసే ముందు ఆ నూనెను వేళ్ల మధ్య రుద్ది చూడాలి. నల్లగా, కాలిన వాసనతో ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. మెరిసే ఇనుప రజను తగిలితే చైనునూ దాని కింద ఉండి బిగువు నిలిపే టెన్షనరు పట్టీనీ చూడాలి. చైను బాగా బిగుతుగా ఉన్నచోట కూడా ఆరు మిల్లీమీటర్లు ఊగాలి.

ప్లేట్లు తీశాక ఇనుప ప్లేట్లను అద్దం మీద పరచి చూస్తాను. వంగిన ప్లేటు అద్దం మీద టకటకలాడుతుంది. నీలిరంగు తిరిగినది వేడికి చెడినట్టే. ప్లేట్లు కూర్చునే క్లచ్ డ్రమ్ము గాడుల్లో ప్లేటు చెవులు కొట్టుకుని పల్లాలు పడి ఉంటే, ప్లేట్లు ఆ పల్లాల్లో ఇరుక్కుని అటూ ఇటూ కదలవు, క్లచ్ విడవదు. సన్నని ఆకురాయితో ఆ అంచులను చదును చేస్తే మనిషి అలసట పోయినట్టు బండి తేలికపడుతుంది. కొత్త ప్లేట్లు కొనేటప్పుడు మాత్రం ధర చూసి మోసపోవద్దు. ఒకసారి నాకు అంటగట్టిన ప్యాకెట్టులోని ప్లేట్ల పూత కొద్ది నెలల్లోనే పెచ్చులుగా ఊడి నూనెలో తేలింది. అంత పని మళ్లీ మొదటి నుంచి చేయించిన ఆ దుకాణం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఈ ఎడమ మూతలో పోసే నూనె విషయంలో నా ఓటు ఏటీఎఫ్‌కు, అంటే ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే పలుచటి ఎర్ర నూనెకు. 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఇంజను ఆయిలు పోసినన్నాళ్లూ పొద్దున ప్లేట్లు అతుక్కునేవి. ఇది పోసినప్పటి నుంచి చలికాలంలో కూడా న్యూట్రల్ సులువుగా దొరుకుతోంది.

ఇక గేర్లు. మొదటిది పైకి, మిగతా మూడూ కిందికి. గేరు పడినట్టే ఉండి పడకపోవడం, ఇంజను ఒక్కసారిగా అరవడం పాత బుల్లెట్ నడిపిన ప్రతివాళ్లకూ తెలుసు. అది గేరు పళ్లు అరిగినందువల్లే అనుకుని పెట్టె మొత్తం విప్పించినవాళ్లను చూశాను. చాలాసార్లు అంత అవసరం ఉండదు. కిక్కు రాడ్డు, గేరు రాడ్డు, న్యూట్రల్ లివరు తీసి బయటి మూత విప్పితే, పెడలు కదలికకు హద్దులు పెట్టే ఒక ప్లేటు కనిపిస్తుంది. దాన్ని రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. దాని స్థానం కొంచెం జరిగినా గేరు ఒక దిక్కున పూర్తిగా పడుతుంది, రెండో దిక్కున సగంలో ఆగుతుంది.

సరిచేసేది ఇలా. బండిని నడిమి స్టాండు మీద నిలిపి, రెండో గేరులో ఉంచి, గేరు రాడ్డును తాత్కాలికంగా తగిలించి చేత్తో మెల్లగా పైకీ కిందికీ కదపాలి. లోపలి కొక్కెం పన్నును పట్టుకున్నట్టు చేతికి తెలుస్తుంది. పైకి ఎంత దూరం కదిలాక పట్టుకుంటుందో, కిందికీ అంతే దూరంలో పట్టుకోవాలి. తేడా ఉంటే బోల్టులు కాస్త వదులు చేసి, ప్లేటును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ చూడాలి. వెనక చక్రం చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూశాకే మూత పెట్టాలి. పాత బండ్లలో చాలా బోల్టులు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల పానాలతో తిప్పితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి. సరైన పానాల సెట్టు కొనుక్కోవడం మొదటి ఖర్చు.

గేరుబాక్సులో ఏం పోయాలన్న దాని మీద తగవులు తెగవు. ఉత్త నూనె పోస్తే కారుతుంది. కొంత నెట్టే రాడ్డు వెంబడి క్లచ్ వైపూ చేరుతుంది. గట్టి గ్రీజు కూరితే పళ్లు దాన్ని తవ్వుకుని దారి చేసుకుంటాయి, ఆ తర్వాత ఎండుగా తిరుగుతాయి. 00 గ్రేడు జారుడు గ్రీజు నాకు బాగా సరిపోయింది.

మడమతో నొక్కే న్యూట్రల్ లివరును చాలామంది వాడరు, కొందరు తీయించేస్తారు. నాకైతే అది లేని బుల్లెట్ వద్దు. సిగ్నల్ దగ్గర నాలుగో గేరులో ఆగినా సరే, క్లచ్ పట్టి మడమ నొక్కితే నేరుగా న్యూట్రల్. మొదటి గేరు నుంచి మాత్రం పని చేయదు.

ఇంట్లో చేయలేనివీ ఉన్నాయి. క్లచ్, ప్లేటు సర్దుబాటు రెండూ సరిగా ఉన్నా, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తిప్పగానే గేరు దానంతట అదే ఊడి వస్తుంటే, లోపల గేర్లు ఒకదానికొకటి పట్టుకునే మెట్లు అరిగినట్టే. పెట్టె పూర్తిగా విప్పి, బుష్షులు చూసి, షిమ్ములు, అంటే సందు సరిచేసే పలుచటి రేకులు, సరిపెట్టాలి. ఆ పని పాత బుల్లెట్లే బతుకుగా చేసుకున్న మెకానిక్కు చేతిలో పెట్టాలి. ఆటోనగర్లలో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. క్లచ్ డ్రమ్ము దించడానికి కూడా ఇంజను పళ్లచక్రం, దాని పైనుండే ఆల్టర్నేటరు కలిపి తీయాలి, ఎందుకంటే చైనుకు విప్పే లింకు ఉండదు. పుల్లర్ (బిగుసుకున్న భాగాన్ని లాగి ఊడదీసే పనిముట్టు) లేకుండా సుత్తితో కొట్టి ఆ పని మొదలుపెట్టవద్దు.