స్విమ్‌సూట్ సంచికతో నా ఇన్నేళ్ల పరిచయం

మా ఆయన ఆటల కోసం కట్టిన చందాతో అమెరికా ఆటల పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఏటా వేసే స్విమ్‌సూట్ సంచిక కూడా మా డాలస్ ఇంటికి వచ్చేది. మొదట్లో దాన్ని చూస్తేనే నాకు చిరాకు. ప్రతి పేజీలో అదే సన్నని నడుము, అదే నవ్వు. 2016లో ఒక ముఖచిత్రం మీద నిండైన ఒంటితో మోడల్ యాష్లీ గ్రాహమ్ కనిపించినప్పుడు మాత్రం కాసేపు ఆగి చూశాను.

నా మనసు మార్చింది 2019 సంచిక. అందులో మోడల్ హలీమా ఏడెన్ హిజాబ్‌తో, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులైన బుర్కినీతో ఉంది. ఆ ఫొటోలు తీసింది కెన్యాలోని వటాము బీచ్‌లో. ఆమె పుట్టింది కూడా ఆ దేశంలోనే, కకుమా శరణార్థి శిబిరంలో. బట్ట ఎంత తగ్గితే ఆకర్షణ అంత పెరుగుతుందని 1964 నుంచి చూపిస్తూ వచ్చిన సంచికలో ఒళ్లంతా కప్పుకున్న అమ్మాయి! అయినా ఆ పేజీ దాటి చూపు కదల్లేదు. "చున్నీ సరిగ్గా వేసుకో" అని తిట్లు తింటూ పెరిగినదాన్ని నేను. కప్పుకోవడం భయంతోనే కాదు, దర్జాగా, ఇష్టంగా కూడా ఉండొచ్చని ఆ ఫొటోల్లో చూశాను. ఆ సంచికను చాలాకాలం దాచుకున్నాను.

2020 నవంబరులో హలీమా ర్యాంప్ షోలు మానేస్తున్నానని ప్రకటించింది. పని కోసం హిజాబ్ విషయంలో రాజీపడ్డానని చెప్పింది. ఆ మాట మొత్తం ఫ్యాషన్ రంగం గురించి. అయినా, దాచుకున్న పేజీలు మళ్లీ తీస్తే మునుపటి సంతోషం పూర్తిగా రాలేదు. కెమెరా ముందు ఒక అమ్మాయి ఇష్టం ఎంత, అమ్మకం లెక్క ఎంత అన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

2021లో ట్రాన్స్ మహిళ లేనా బ్లూమ్, 2023లో 81 ఏళ్ల టీవీ ప్రముఖురాలు మార్తా స్టూవర్ట్ ముఖచిత్రాలకెక్కారు. ఈ మార్పు నిజమే, నాకు నచ్చింది కూడా. కానీ ఎవరొచ్చినా స్విమ్‌సూట్‌లో అందంగా కనిపించాల్సిందే. ఆ షరతు అలాగే ఉంది.

కొనమంటారా అని అడిగితే, మా పరిస్థితి చెబుతాను. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లో రోజంతా ఫిల్టర్ వేసిన ముఖాలే చూస్తుంది. తనతో పక్కన కూర్చుని ఈ సంచిక తిరగేస్తే మాట్లాడుకోవడానికి చాలా దొరుకుతోంది. అందుకే మాకు పనికొచ్చింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఒంటి గురించి పిల్లలతో మాట్లాడే చనువు ఇంకా లేకపోతే, ఇప్పుడే తెప్పించుకోమని చెప్పలేను.