వించా, రికవరీ బోర్డులా?

బండి ఇసుకలోనో బురదలోనో దిగబడితే బయటికి తీయడానికి ఏది మేలు: వించా (బండి ముందు బిగించే, కేబుల్‌తో లాగే మోటారు), రికవరీ బోర్డులా (టైరు కింద పెట్టే పళ్లున్న పలకలు)? ఒక్క బండితో జైసల్మేర్ ఇసుక దిబ్బల్లోకి వెళ్తుంటే నా ఓటు రికవరీ బోర్డులకే. అక్కడ వించ్ కేబుల్ కట్టడానికి చెట్టు దొరకడమే కష్టం. పైగా వించ్ బరువంతా బండి ముందు భాగం మీదే పడుతుంది. బోర్డుల జత 10 కిలోల లోపే. బండి దిగబడితే మొదట టైర్లన్నిటిలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించండి. చక్రం ముందున్న ఇసుకను పారతో తీసి, బోర్డు అంచు టైరు కిందికి దూరేలా పెట్టండి. ‘లో రేంజ్’ గేరులో (ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో వేగం తగ్గించి లాగే బలం పెంచేది) మెల్లగా కదలాలి. చక్రం గిర్రున తిరిగిందా, బోర్డు పళ్లు కరిగిపోతాయి.

మారేడుమిల్లి అడవి బురదలో లెక్క వేరు. చెట్లున్నాయి కాబట్టి వించే మేలు. బెరడు దెబ్బతినకుండా చెట్టుకి వెడల్పాటి పట్టీ చుట్టండి, కేబుల్ మీద బరువైన దుప్పటి వేయండి. దరిదాపుల్లో ఎవర్నీ నిలబడనివ్వకండి. కేబుల్ తెగి తగిలితే ప్రాణాలే పోతాయి.