రౌటర్ టేబుల్ కింద ఏం కట్టాలి: చిన్న డబ్బానా, తెరిచిన స్టాండా, మూసిన క్యాబినెట్టా?

చెక్కలో గాడులు తీసే, అంచులు చెక్కే యంత్రం రౌటర్. దాన్ని తలకిందులుగా, కోసే బిట్ పైకి వచ్చేలా బల్లకు బిగించాలన్న నిర్ణయం తేలికే. ఆ బల్ల కింద ఏం కట్టాలన్న దగ్గరే పేచీ. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు మూడు దారులున్నాయి. పని బల్ల మీద పెట్టి క్లాంపులతో బిగించే చిన్న డబ్బా ఒకటి, నాలుగు కాళ్ల తెరిచిన స్టాండ్ ఒకటి, చుట్టూ మూసి సొరుగులు పెట్టిన క్యాబినెట్ ఇంకొకటి. వీడియోల్లో మూడోదే మెరుస్తుంది కాబట్టి అందరి మనసూ అటే పోతుంది. అందరికీ అదే అక్కర్లేదు.

చిన్న డబ్బా సంగతి ముందు తేల్చేద్దాం. మీ దగ్గర ఉన్నది 6 ఎంఎం కాలెట్ (బిట్ కాడను పట్టే బిగింపు) ఉన్న ట్రిమ్మర్, అంటే చిన్న రౌటర్ అయితే, పని ఫోటో ఫ్రేములు, పెట్టెల మూతలు, అంచులు గుండ్రం చేయడం వరకే అయితే ఇది చాలు. పని అయ్యాక మంచం కిందకు తోసేయొచ్చు. బాల్కనీలో పని చేసుకునేవాళ్లు దీని గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అర అంగుళం కాలెట్ పెద్ద రౌటర్ కొన్నాక లెక్క మారుతుంది. ఉదాహరణకు మకీటా ఆర్‌పీ2301ఎఫ్‌సీ 2100 వాట్ల యంత్రం, బరువు 6 కిలోలకు పైనే. అంత బరువు రోజులూ నెలలూ పలకకు వేలాడుతూ ఉంటుంది. స్టాండ్‌లో పైబల్లకు ఆధారం నాలుగు అంచుల దగ్గరే దొరుకుతుంది, నడుమ మెల్లగా కుంగుతుంది. బల్ల అర మిల్లీమీటరు కుంగినా గాడి లోతు ఒక కొస నుంచి ఇంకో కొసకు మారిపోతుంది. స్టాండే కావాలనుకుంటే రౌటర్‌ను బిగించే ప్లేటుకు రెండు పక్కలా, ముందు నుంచి వెనక్కి రెండు అడ్డ కర్రలు, వాటి వెడల్పు వైపు నిలువుగా ఉండేలా బిగించాల్సిందే. క్యాబినెట్‌లో ఈ బాధ తక్కువ. రౌటర్ గదికి రెండు వైపులా ఉండే అడ్డగోడలు ప్లేటు అంచుకు దగ్గరలోనే పైబల్లను మోస్తాయి. క్యాబినెట్‌కు నేను మొదటి మార్కు వేసేది ఇందుకే, సొరుగుల కోసం కాదు.

రెండో మార్కు దుమ్ముది. ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే అడ్డపట్టీ) వెనక దుమ్ము లాగే పైపు పెడితే పొట్టంతా అందులోకే పోతుందని చాలామంది అనుకుంటారు. అంచు కోసేటప్పుడు అది కొంతవరకు నిజం. చెక్క నడుమ గాడి తీసేటప్పుడు మాత్రం పైన దారి మూసుకుపోయి, పొట్టు చాలావరకు కిందికే పడుతుంది. తెరిచిన స్టాండ్‌లో అది కాళ్ల మీదా గదంతా పరుచుకుంటుంది. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) దుమ్ము మరీ సన్నం, చాలాసేపు గాలిలోనే తేలుతుంది. ఆరుబయట షెడ్డులో పని చేసేవాళ్లకు స్టాండ్ ఫరవాలేదు. ఇంటికి ఆనుకున్న గదిలో అయితే మూసిన పెట్టే మేలు. ఎటు వెళ్లినా మాస్కు తప్పదు.

అయితే మూసిన పెట్టెకు ఒక పెద్ద చిక్కుంది. చాలా రౌటర్లలో ఫ్యాన్ మోటారు వెనక కొస నుంచి గాలి లాగి బిట్ వైపు ఊదుతుంది. తలకిందులుగా బిగించాక ఆ వెనక కొస కిందికి, అంటే సరిగ్గా పొట్టు పేరుకునే చోటికి వస్తుంది. గాలి ఆడని పెట్టెలో మోటారు తన వేడి గాలినే, తను రేపిన దుమ్ముతో సహా మళ్లీ మళ్లీ పీలుస్తుంది. అందుకే పైపు పెట్టామన్న ధీమా చాలదు, గాలి లోపలికి వచ్చే దారి కూడా కావాలి. బయటికి వెళ్లే పైపు వైశాల్యమెంతో, లోపలికి వచ్చే రంధ్రాల వైశాల్యం దాదాపు అంత ఉండాలి. అల్మరా తలుపుల హింజ్ కప్పులకు వాడే 35 ఎంఎం బిట్ ఉంటుంది కదా, దానితో ముందు తలుపుకు ఎనిమిది రంధ్రాలు పెడితే 4 అంగుళాల పైపుకు సరిపోతాయి. పెట్టె అడుగు పలకను వెనకనున్న పైపు వైపు వాలుగా వేస్తే పొట్టు మూలల్లో ఇరుక్కోదు. ఇంత చేసే ఓపిక లేకపోతే మూసిన పెట్టె జోలికి పోకపోవడమే రౌటర్‌కు మంచిది. మోటారు హోరు కొంత తగ్గుతుంది కానీ బిట్ చెక్కను కోసే శబ్దం పైనే ఉంటుంది, చెవులకు రక్షణ తీసేయకండి.

ఇక దేనితో కట్టాలి? ఇక్కడ అందరూ చేసే పని మొత్తానికీ ఒకే షీటు కొనేయడం. పైబల్ల అడిగేది ఒకటి, పెట్టె అడిగేది ఇంకొకటి. పైబల్లకు చదును ముఖ్యం. చవక ప్లైవుడ్‌లో ఆ చదును దొరకడం కష్టం, వంపు ఎక్కడో ఒకచోట ఉంటుంది. టేకు పలకలు ముచ్చటగా ఉంటాయి కానీ వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంచించుకుపోతాయి. 18 ఎంఎం ఎండీఎఫ్ రెండు పొరలు అంటించి, పైనా కిందా రెండు వైపులా సన్‌మైకా వేస్తే పైబల్లకు అంతకంటే మంచిది ఇంట్లో చేసుకోలేం. ఒక్కవైపే సన్‌మైకా వేస్తే బల్ల విల్లులా వంగుతుంది. గ్రానైట్ ముక్క వేస్తే ఎలా ఉంటుందని అడిగేవాళ్లూ ఉన్నారు. చదునుగానే ఉంటుంది, కాకపోతే ప్లేటు కోసం రంధ్రం కోయించడానికి రాళ్ల షాపు చుట్టూ తిరగాలి.

పెట్టెకు మాత్రం ప్లైవుడ్డే నా ఓటు. ఎండీఎఫ్ అంచులో స్క్రూ దిగితే చీలిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట తీరపు తేమకు సన్‌మైకా లేని అంచులు ఉబ్బుతాయి. నీటిని బాగా తట్టుకునే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లై అక్కడికి తగినదే కానీ ఖరీదెక్కువ. హైదరాబాద్ పొడి గాలికి ఐఎస్ 303లోని బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం సరిపోతుంది. ఈమధ్య షాపువాళ్లు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (సాంద్రత ఎక్కువున్న, తేమను తట్టుకునే పీచు పలక) ఎక్కువ చూపిస్తున్నారు. మామూలు ఎండీఎఫ్ కంటే తేమను బాగా తట్టుకుంటుంది, స్క్రూనూ గట్టిగా పట్టుకుంటుంది. బరువు మాత్రం చూసుకోండి, 18 ఎంఎం 8×4 షీటు 45 కిలోల దాకా తూగుతుంది. టేబుల్‌కు ఆ బరువు మంచిదే. మేడ మీద గదికి మోసేవాళ్లనే అడగాలి.

కరెంటు సంగతి ఏ బల్లకైనా ఒకటే. 2100 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు, కాబట్టి చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించకండి. వ్యాక్యూమ్ కూడా అదే లైన్ మీదైతే 15 ఆంపియర్ల దాకా పోతుంది. బల్ల ముందు భాగంలో నో-వోల్ట్ స్విచ్ (కరెంటు పోతే తనంతట తానే ఆగి, మళ్లీ నొక్కితేనే నడిచేది) పెట్టించండి. మామూలు స్విచ్ అయితే కరెంటు పోయినప్పుడు ఆపడం మరిచిపోతాం, తిరిగి వచ్చినప్పుడు బిట్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. మన కరెంటు కోతల్లో ఇది ఊహించుకునే ప్రమాదం కాదు.

సొరుగులు చివరి లెక్క. అర అంగుళం షాంకుకు (బిట్ కాడకు) 13 ఎంఎం, పావు అంగుళం షాంకుకు 6.5 లేదా 7 ఎంఎం రంధ్రాలు పెట్టిన పలక ఒక్క సొరుగులో ఉంటే చాలు, బిట్లు ఒకదానికొకటి తగిలి పదును పోదు. మిగతా సొరుగులు అనవసరపు సామాను పోగేయడానికే పనికొస్తాయి.

అద్దె ఇంట్లో ఉంటూ ఏదీ తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. పైబల్లను మంచిగా, వేరుగా, స్క్రూలు విప్పితే ఊడొచ్చేలా చేసుకోండి. కింద కాళ్ల స్టాండ్ కట్టి, ప్లేటుకు రెండు పక్కలా ఆ అడ్డ కర్రలు ఇప్పుడే వేయండి. రేపు సొంత గది దొరికినప్పుడు వాటికే ప్లైవుడ్ పలకలు బిగించి, వాలు అడుగు, రంధ్రాల తలుపు పెట్టుకుంటే అదే స్టాండ్ క్యాబినెట్ అవుతుంది.