నవల అయితే రాశాం, ఇప్పుడేం చేద్దాం? పోటీ, యాప్, సొంత అచ్చు: ఏది మేలు?

నెల్లూరులో ఎవరికైనా నవల రాస్తున్నానని చెప్పి చూడండి. "ఏం సామీ, సినిమాకా?" అంటారు. కాదంటే "మరెందుకు?" అంటారు. దానికి జవాబు నా దగ్గరా లేదు. రాయడం అయిపోయాక దాన్నేం చెయ్యాలి అంటే మాత్రం కొంత చెప్పగలను. కొత్తవాడికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: నవలల పోటీకి పంపడం, యాప్‌లో సీరియల్‌గా పెట్టడం, సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం. వీటిలో ఏది పట్టుకున్నా పరువో, డబ్బో, నిద్రో కొంత పోతుంది.

పోటీతో పెద్ద లాభం బహుమతి కాదు, గడువు తేదీ. ఆ తేదీ లేకపోతే మనం మూడో అధ్యాయాన్నే చెక్కుకుంటూ కూర్చుంటాం. పంపేటప్పుడు హామీపత్రం కూడా జతచేయాలి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. చాలా పోటీల్లో అంతర్జాలంలో వచ్చినవి కూడా పనికిరావు. ఈ నిబంధన గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిబడుతుంది.

తర్వాతంతా ఎదురుచూపే. ఫోన్ చేసి అడగకూడదు, ఇంకోచోటికి పంపకూడదు. ఫలితాలు వచ్చిన రోజు మొదటి బహుమతి దగ్గర మొదలుపెట్టి, ప్రోత్సాహక బహుమతులు దాటి, 'సాధారణ ప్రచురణకు స్వీకరించినవి' దాకా చదివి, మన పేరు అచ్చుతప్పుగా పడిందేమోనని మళ్లీ పైనుంచి చదువుతాం. మొహర్రం రోజుల్లో మన బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది కదా. కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువులో రొట్టె ఇస్తే, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది. నవల రొట్టె మాత్రం ఎవరి చేతిలోనూ కనబడదు. అది తేవాలంటే ముందు ఎవరిదో ఒకరి నవల అమ్ముడుపోవాలి మరి.

యాప్‌లో ఈ ఎదురుచూపు ఉండదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటివాటిలో రాత్రి పెట్టిన భాగానికి తెల్లారేసరికి కామెంట్లు ఉంటాయి. చదివేవాళ్లు నిజంగా చదువుతారు, ఆ సుఖం మిగతా రెండు దారుల్లో లేదు. "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు మేడం?" అని మీసాలున్న మనల్ని అడుగుతారు, అడగనివ్వండి. చిక్కల్లా కథ మన చేతిలోంచి జారిపోవడమే. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల్లో వైరస్ వచ్చి మునిగిపోయిన రైతు కథ రాస్తుంటాం. రైతు కూతురికీ మేత కంపెనీ కుర్రాడికీ పెళ్లెప్పుడని పాఠకులు గొడవ. ఆ కుర్రాడు రెండు పేజీల్లో వచ్చిపోయే మనిషి. నాలుగు భాగాలు గడిచేసరికి వాడు హీరో అవుతాడు, రైతు మంచాన పడతాడు, వైరస్ ఊసే ఉండదు.

ఇక సొంత అచ్చు. చుట్టాల్లో పరువు దొరికేది ఇక్కడే. యాప్‌లో ఎంతమంది చదివినా మేనమామ లెక్కలో అది ఫోన్ చూసుకోవడమే. చేతిలో పుస్తకం పెడితే వెనకట్ట మీద మన ఫొటో చూసి, "బాగా పడ్డావే" అంటాడు. లోపలికి వెళ్లడనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఫొటో దాకా చేరడమే యాతన. మనం యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తాం, పేజీలు కూర్చే డీటీపీవాళ్లు దాన్ని అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో ఒక్కోసారి ఒత్తులు రాలిపోతాయి. కృష్ణపట్నం పోర్టుకు వెళ్లాల్సిన నా మనిషి మొదటి ప్రూఫులో 'కృషపటం' చేరుకున్నాడు. అవి దిద్దుతుంటే ప్రెస్సువాళ్లు తియ్యగా ఒక మాట చెబుతారు: ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే, వెయ్యి వేస్తే కాపీ చవగ్గా పడుతుందని. లెక్క నిజమే. ఆ వెయ్యి కాపీలు ఏ మంచం కింద పెట్టాలో మాత్రం ఆ లెక్కలో ఉండదు. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం కాబట్టి దానికి డబ్బడిగితే ఇవ్వకండి. షాపుల్లో పెడితే ధరలో పెద్దముక్క కమిషన్‌కే పోతుంది. పోస్టులో పంపుదామంటే, పుస్తకాలు చవగ్గా వెళ్లే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది.

ఆవిష్కరణ సభ సరే సరి. ముఖ్య అతిథి నెల్లూరు అనగానే తిక్కన దగ్గర మొదలుపెడతారు. పదమూడో శతాబ్దం నుంచి మన నవల దాకా వచ్చేసరికి హాలు టైమైపోతుంది.

నన్నడిగితే ముందు పోటీ, తర్వాత యాప్, చివర అచ్చు. ఈ వరస తిప్పడానికి వీల్లేదు, ఎందుకంటే యాప్‌లోనో పుస్తకంగానో ఒకసారి బయటికి వచ్చినదాన్ని చాలా పోటీలు తీసుకోవు. పోటీలో పోయిన నవల యాప్‌కి ఎప్పుడైనా పనికొస్తుంది. యాప్‌లో చివరి భాగం దాకా జనం నిలబడితేనే అచ్చు సంగతి ఆలోచించండి, అదీ ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌లో వందో, నూటయాభయ్యో. కాపీకి ఖరీదు ఎక్కువ పడినా మొత్తం మీద చేతిచమురు తక్కువే.

రిటైరై, పెన్షన్ వస్తూ, మనవళ్లకు తన పేరున్న పుస్తకం ఇచ్చిపోవాలనుకునే పెద్దాయనకు ఈ వరస వర్తించదు. ఆయన పోటీలకు పంపి ఫలితాల కోసం బీపీ పెంచుకోనక్కర్లేదు. నేరుగా అచ్చుకే వెళ్లాలి, గట్టి అట్ట వేయించుకోవాలి, ప్రూఫులు మాత్రం ఇంకొకరి చేత చూపించుకోవాలి.